ఆలుమగల పండగ కానుక: ముందు అంకె, తర్వాతే సర్‌ప్రైజ్

దసరా ఇంకా పది రోజులుందనగానే ఫోను నిండా ఆఫర్లే. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ మొదటిసారి బిగ్ బిలియన్ డే పెట్టింది. అప్పటినుంచి దసరాకీ దీపావళికీ మధ్య రోజులు దేశమంతటా కొనుగోళ్ళ సీజన్ అయిపోయాయి. ఆ ప్రకటనల్లో ఒకటి ప్రతి ఏడూ ఏదో ఒక రూపంలో వస్తుంది. భర్త వెనకనుంచి వచ్చి భార్య కళ్ళు మూస్తాడు, ఆమె పెట్టె తెరుస్తుంది, లోపల నగో ఫోనో ఉంటుంది, ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. దాని ధరెంతో, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో, వచ్చే నెల ఇంటి అద్దె కట్టేటప్పుడు ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో ప్రకటనలో ఉండదు. నేను రాయాలనుకున్నది ఆ చూపించని భాగం గురించే.

నా మాట సూటిగా చెప్తాను. ఒకే సంసారం నడుపుతున్న ఇద్దరు పండక్కి ఒకరికొకరు ఏదైనా ఇచ్చుకోవాలనుకుంటే, ఎంతలో ఇచ్చుకోవాలో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఏం ఇస్తారన్నది రహస్యంగా ఉంచుకోవచ్చు. ఎంత ఖర్చవుతుందన్నది మాత్రం రహస్యంగా ఉండకూడదు. ఇద్దరి జీతాలూ కలిసి ఒకే అద్దె, ఒకే స్కూలు ఫీజు, ఒకే అప్పు కడుతున్నప్పుడు, ఒకరు చెప్పకుండా నలభై వేలు పెట్టి కొన్న వస్తువులో సగం డబ్బు రెండోవాళ్ళదే. వాళ్ళని అడక్కుండా వాళ్ళ డబ్బు ఖర్చుపెట్టి, పైగా వాళ్ళ చేత సంతోషపడాలని ఆశించడం నాకు న్యాయంగా అనిపించదు.

మన పండగల్లో పెట్టుపోతలకేం తక్కువ లేదు. సంక్రాంతికి కొత్తల్లుడికి అత్తగారింట్లో బట్టలు పెడతారు. ఆడపడుచుకి పుట్టింటి నుంచి చీర వస్తుంది. భగినీ హస్త భోజనానికి వెళ్ళిన అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళకి ఏదో ఒకటి చేతిలో పెట్టి వస్తారు. ఇవన్నీ పెద్దల నుంచి పిల్లలకీ, పుట్టింటి నుంచి అత్తింటికీ నడిచేవి. ఆలూమగలు ఒకరికొకరు ఇచ్చుకోవడానికంటూ మన ఇళ్ళలో ఒక రోజు లేదు. మహారాష్ట్రలో ఉంది. దీపావళి వెళ్ళిన మర్నాడు, కార్తీక శుద్ధ పాడ్యమిని వాళ్ళు పాడ్వా అంటారు. భార్య భర్తకి హారతిస్తుంది, భర్త ఆమెకి కానుక ఇస్తాడు. పుణేలో స్థిరపడ్డ మా పిన్ని, బాబాయి పక్కింటివాళ్ళని చూసి అది మొదలుపెట్టారు. పిన్ని దానికి తనవైపు నుంచి ఒక సవరణ చేసింది: బాబాయి ఇచ్చినట్టే తనూ ఇస్తుంది. నాకు అది బాగా నచ్చింది.

మనకు అలాంటి రోజు లేకపోవడంతో ఆ ఖాళీలోకి వ్యాపారం వచ్చేసింది. ధన త్రయోదశికి బంగారం కొనాలన్న మాట మా నాన్నమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు. మా ఊళ్ళో ఆ రోజుకి ప్రత్యేకమే ఉండేది కాదు. ఇప్పుడు అదే ఊరి నుంచి టౌనుకొచ్చి క్యూలో నిలబడి కొంటున్నారు. కొత్త ఆచారం రావడం తప్పని నేను అనను, ఆచారాలన్నీ ఏదో ఒకనాడు కొత్తవే. అయితే కొత్తది పెట్టుకునేటప్పుడు దాని పద్ధతి ఎంత ఉండాలో ఆ ఇంటివాళ్ళు తేల్చుకోవాలి, షాపువాడు కాదు.

ఈ సర్‌ప్రైజ్ కానుకల్లో చాలాభాగం ఇప్పుడు ఈఎంఐ మీద వస్తున్నాయి కాబట్టి ఆ లెక్క కాస్త విడమర్చి చెప్పాలి. నేను పద్దులు రాసే ఉద్యోగం చేస్తాను, అందుకని ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేదనుకుంటారు. ఉంటుంది. షాపువాడో కంపెనీవాడో అంత మేరకు ధర తగ్గించినట్టు చూపించి, ఆ తగ్గింపుని బ్యాంకు మళ్ళీ వడ్డీగా వసూలు చేసుకుంటుంది. 36,000 రూపాయల ఫోను పన్నెండు నెలలకి నెలకి మూడు వేల చొప్పున పెట్టుకున్నారనుకోండి. ఏడాదికి 16 శాతం వడ్డీ లెక్కన అందులో రమారమి 2,900 వడ్డీ దాగి ఉంటుంది. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీకి 18 శాతం జీఎస్టీ, అంటే 500 పైచిలుకు, నెలనెలా బిల్లులో విడిగా పడుతుంది. చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు కూడా వేస్తాయి. ఒక్క నెల కట్టడం తప్పితే మరీ ఘోరం. కార్డు బాకీ మీద నెలకి మూడు నుంచి మూడుముప్పావు శాతం వడ్డీ నడుస్తుంది, ఏడాదికి నలభై దాటిపోతుంది. సున్నా వడ్డీ అన్న పథకమే అసలు లేదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు చాటున దాచి వినియోగదారుణ్ణి మభ్యపెట్టవద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. పేరు మార్చుకుని అదే ఇప్పటికీ నడుస్తోంది.

పండగ పొద్దున్న రిబ్బను కట్టి ఇచ్చిన వస్తువు వెనక పన్నెండు నెలల బాకీ ఉందని, తీసుకున్న మనిషికి రెండో నెల బ్యాంకు మెసేజ్ చూస్తే తెలియకూడదు. నాకు దగ్గరి స్నేహితురాలికి అలాగే తెలిసింది. ఆమె ఆ ఫోను వాడుతూనే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది వాయిదా తేదీ అని మాత్రం ఒకసారి నాతో అంది.

మా ఇంట్లో పద్ధతి ఇది. దీపావళికి తలా పదిహేను వందలు. కుట్టుకూలి, కొరియరు, పార్కింగు అన్నీ అందులోనే. కార్డు మీద కొనకూడదు. ఎవరి చేతిలో ఉన్న డబ్బుతో వాళ్ళు కొనాలి. తలంట్లు అయ్యాక, వంట మొదలుకాకముందు ఇచ్చుకుంటాం. పదిహేను వందలే ఎందుకంటే, మా ఇంట్లో నెలాఖరున కూడా వెతుక్కోకుండా తీయగలిగిన మొత్తం అది. ఇంకో ఇంట్లో అయిదు వందలు కావచ్చు, అయిదు వేలు కావచ్చు. ఇద్దరిలో తక్కువ సంపాదించేవాళ్ళకి ఏది సులువో అదే హద్దు కావాలన్నది మాత్రం ఏ ఇంటికైనా వర్తిస్తుందని నా నమ్మకం. ఎక్కువ సంపాదించేవాళ్ళ స్థాయిలో పెడితే రెండోవాళ్ళు ప్రతి పండక్కీ చిన్నబుచ్చుకుంటారు.

హద్దు పెడితే మనసు పెట్టాల్సి వస్తుంది. యాభై వేలుంటే ఏ షోరూముకైనా వెళ్ళి సేల్స్ అమ్మాయి చూపించిందాన్ని ప్యాక్ చేయించుకోవచ్చు. పదిహేను వందలతో అలా కుదరదు. ఎదుటి మనిషికి ఏం కావాలో ఏడాది పొడుగునా చెవిన వేసుకోవాలి. మా ఆయన మాటల మధ్య ఏదైనా కావాలన్నా, ఫలానాది పోయిందని విచారపడ్డా నేను ఫోనులో రాసుకుంటాను. ఆయనా నా గురించి రాసుకుంటారు, ఆ సంగతి ఈ మధ్యే తెలిసింది.

మా మామగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ ఒకటి బీరువాలో చాలాకాలం ఆగిపోయి పడి ఉండేది. కీ ఇచ్చే వాచీ. గ్లాసు మీద గీతలు పడి లోపల అంకెలు సరిగ్గా కనిపించేవి కావు. స్ట్రాప్ ఎండిపోయి ముక్కలు రాలేది. మా ఆయన బీరువాలో ఏదైనా వెతికినప్పుడల్లా దాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ లోపల పెట్టేసేవారు. ఒక దీపావళికి ముందు నేను దాన్ని కోఠీలో పాత వాచీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని వెనకమూత తీశాడు. లోపల నూనె గట్టిపడిపోయింది, స్ప్రింగు మార్చాలి, యంత్రం మాత్రం బంగారంలా ఉందమ్మా అన్నాడు. సర్వీసింగ్, స్ప్రింగు, కొత్త గ్లాసు, తోలు స్ట్రాప్ అన్నీ కలిపినా నా చేతిలో ఇంకా డబ్బు మిగిలింది. డయలు పాలిష్ చేయనా అని అడిగితే వద్దన్నాను. డయలు అంచున చిన్న మరక ఒకటి ఉంది, అది అలాగే ఉండాలనిపించింది.

పండగ పొద్దున్న ఆ వాచీ చేతిలో పెడితే మా ఆయన అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, "ఏదిరా, నన్నోసారి విననీ" అని ఆ వాచీ తీసుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే పళ్ళు తోముకున్నాక వాచీకి కీ ఇస్తారు. అంతకు ముప్పై రెట్లు ఖరీదైన వస్తువు నేను కొనిచ్చినా అది ఆ ఇంట్లో ఆ పని చేసేది కాదు.

ఆయన నాకిచ్చినవాటిలో నాకు బాగా ఇష్టమైంది ఏటికొప్పాక కుంకుమ భరిణె. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రని లేత్ యంత్రానికి బిగించి, తిరుగుతున్నప్పుడే దాని మీద రంగు లక్క అద్దుతారు. పసుపు, నీలిమందు లాంటి సహజమైన రంగులతో ఆ పనిని మళ్ళీ నిలబెట్టిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. భరిణె మూత సరిగ్గా బిగుస్తుంది, వేలితో తిప్పితే మెత్తగా తిరుగుతుంది, అరచేతిలో పడితే బరువే తెలియదు. నా ప్లాస్టిక్ డబ్బా మూత విరిగి, కుంకుమ ఒలికి దేవుడి గూడంతా ఎర్రబడిందని నేనెప్పుడో విసుక్కున్న మాట ఆయన గుర్తుపెట్టుకున్నారు. భరిణె మూడు వందల్లోపే. మిగిలిన డబ్బుతో లాడ్ బజారుకెళ్ళి నా కొలతకి లక్క గాజులు తెచ్చారు. రాళ్ళు ఎక్కువ పొదిగినవి నేను వేసుకోనని తెలిసి సాదావి ఏరుకొచ్చారు. ఆ హైదరాబాదు లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు, అంటే అవి ఆ ఊరి ప్రత్యేకమని చట్టపరంగా ఇచ్చే గుర్తింపు, వచ్చింది.

తక్కువలో కానుక అనగానే చేనేత గుర్తుకు రావాలని నాకు ఆశ. అక్కడ ఒక చిక్కుంది, మగవాళ్ళకి అది తెలియదు. చీర ధరతో చీర ఖర్చు అయిపోదు. ఫాల్ వేయించాలి, పీకో చేయించాలి, జాకెట్టు కుట్టించాలి. లైనింగు పెట్టి కుట్టే జాకెట్టుకి ఇవాళ సిటీలో టైలరు అడిగే కూలి చాలాసార్లు మామూలు నూలు చీర ధరలో సగం ఉంటుంది. మగవాళ్ళకిచ్చే ప్యాంటు షర్టు బిట్ల సంగతీ అంతే. గుడ్డ కంటే కుట్టుకూలే ఎక్కువ కావడంతో మా ఇంట్లో బిట్లు అట్టపెట్టెల్లోనే మడతలు పడి ఉన్నాయి. కానుక పుచ్చుకున్నవాళ్ళ మీద ఇంకో ఖర్చు పడితే, ఆ ఖర్చు కూడా ఇచ్చేవాళ్ళే పెట్టుకోవాలి. పదిహేను వందల్లో పట్టుచీర రాదు. మంగళగిరి నూలు దుపట్టా వస్తుంది, కలంకారీ అద్దకం లుంగీ వస్తుంది, పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబులు వస్తాయి. ఆగస్టు 7న చేనేత దినోత్సవం, తర్వాత పండగల సీజన్. ఆప్కో లాంటి షోరూముల్లో అప్పుడు డిస్కౌంట్లు పెడతారు, కనిపెట్టుకుని ఉంటే చీర కూడా దొరకొచ్చు.

బంగారం గురించి నాతో చాలామంది వాదిస్తారు. ఆడవాళ్ళకి అదే కదా భద్రత, అవసరానికి ఆదుకునేది అదే కదా అంటారు. నిజమే, నేను కాదనను. శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి రూపు కొనడం మా ఇంట్లోనూ ఉంది. అయితే 2025 అక్టోబరులో పది గ్రాముల మేలిమి బంగారం లక్షా ఇరవై వేలు దాటాక, ఒక్క గ్రాము నాణేనికే పన్నెండు వేల పైన పడింది. నగ అయితే తరుగు, మజూరీ, ఆ పైన 3 శాతం జీఎస్టీ. మళ్ళీ అమ్మితే తరుగూ మజూరీ వెనక్కి రావు. ఇంత పెద్ద నిర్ణయం ఇద్దరూ కలిసి తీసుకోవాలి, హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ నంబరు (ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు) ఉందో లేదో చూసుకుని, బిల్లు తీసుకుని కొనాలి. కొనండి, కానీ దాన్ని పొదుపు కింద రాయండి. అది ఇంటి ఆస్తి. దాన్ని భర్త భార్యకిచ్చిన కానుకగా చెప్పేస్తే, ఆ ఏడాదికి ఆమెకి ఇంకేమీ అడిగే వీలు లేకుండా పోతుంది. కష్టం వచ్చినప్పుడు మళ్ళీ ఆ నగే తాకట్టుకి వెళ్తుంది.

మిక్సీ, వాషింగ్ మెషిన్, కుక్కరు కూడా అంతే. ఇంటిల్లిపాదీ తినే వంటకి, ఇంటిల్లిపాదీ కట్టుకునే బట్టలకి కొన్న వస్తువు భార్యకిచ్చిన బహుమతి కాదు. ఆ మాట అన్నామంటే ఆ పని ఆమె ఒక్కదానిదే అని ఒప్పుకున్నట్టు.

ఈ కానుకలన్నీ దండగ, డబ్బే ఇచ్చేస్తే పోతుంది కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఈ వాదనకి ఆర్థిక శాస్త్రంలో కూడా బలం ఉంది. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త యేల్ విద్యార్థులని క్రిస్మస్ బహుమతుల గురించి అడిగాడు. ఇచ్చినవాళ్ళు పెట్టిన ఖర్చుతో పోలిస్తే పుచ్చుకున్నవాళ్ళు వాటికి కట్టిన విలువ పదోవంతు నుంచి మూడోవంతు దాకా తక్కువ తేలింది. అదే లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది: తాతలు, మేనత్తలు, బాబాయిలు ఇచ్చినవాటిలో వృథా ఎక్కువ, స్నేహితులూ ప్రేమించిన మనుషులూ ఇచ్చినవాటిలో తక్కువ. పక్కనే బతికే మనిషికి ఏం కావాలో తెలుస్తుంది కదా. 2009లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అని ఇద్దరు పరిశోధకులు కొత్తగా నిశ్చితార్థం అయిన మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ ఉంగరాల గురించి అడిగారు. ఖరీదు పెరిగేకొద్దీ తమ మనిషి ఎక్కువ సంతోషించి ఉంటుందని మగవాళ్ళు అనుకున్నారు. ఆడవాళ్ళ జవాబుల్లో ఖరీదుకీ సంతోషానికీ సంబంధం కనబడలేదు. అప్పు చేసి మరీ ఖరీదైనది కొంటున్న మగవాళ్ళందరూ ఇది చదవాలని నాకు ఉంటుంది.

దూరంగా ఉండే జంటల పరిస్థితి వేరు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్ళ నుంచి దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు సెలవుకి వస్తున్నారంటే ఊరంతా సూట్‌కేసు వైపు చూస్తుంది. సెంట్లు, దుప్పట్లు, చాక్లెట్లు అందరికీ పంచాక, వీసా కోసం చేసిన అప్పుకి వడ్డీ కట్టాక, భార్యకోసం అంటూ ఏం మిగులుతుంది? అలాంటి ఇళ్ళలో హద్దు పెట్టుకోవాల్సింది ముందు చుట్టాలకిచ్చేవాటికి. అది చెప్పినంత సులువు కాదని తెలుసు. అమెరికాలో ఉన్న మా వాళ్ళు ఆఫీసుల్లో సీక్రెట్ శాంటా, అంటే ఎవరిచ్చారో చెప్పకుండా కానుకలిచ్చుకునే ఆట, ఆడేటప్పుడు ముందే ఇన్ని డాలర్లని అనుకుంటారు, ఎవరూ తప్పుగా తీసుకోరు. బయటివాళ్ళతో మొహమాటం లేకుండా చేసే పనిని ఇంట్లో చేయడానికి ఎందుకు జంకాలి?

ఈ పద్ధతి గురించి చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. "నీకు ఉద్యోగం ఉంది. నాకు చేతిలో రూపాయి లేదు. ఆయన్ని డబ్బులడిగి ఆయనకే కానుక కొనివ్వడం ఏం బాగుంటుంది?" అని. ఈ మొత్తం విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే. మా అమ్మమ్మ తరం దీనికి పోపుల డబ్బాలో దారి వెతుక్కుంది. పాలవాడికిచ్చినదాంట్లో, కూరగాయల్లో రూపాయీ అర్ధా మిగిల్చి జీలకర్ర కింద దాచుకునేది. అవసరమైనప్పుడు ఇంటిని గట్టెక్కించింది కూడా ఆ డబ్బే. అయినా ఆమె దాన్ని దొంగచాటుగా దాచుకోవాల్సి వచ్చింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేను ఒప్పుకునే పరిష్కారం ఒక్కటే. జీతం పడగానే అద్దె, సరుకులు, ఫీజులకి తీసినట్టే, ఇద్దరి పేరా సమానంగా కొంత డబ్బు విడిగా తీయాలి. నెలకి రెండు వందలైనా సరే. ఆమెది ఆమె ఖాతాలో వేయాలి, ఆయనది ఆయన ఖాతాలో ఉండాలి. దానికి లెక్క అడగకూడదు. ఇంట్లో ఉండి వంట, పిల్లలు, పెద్దవాళ్ళ మందులు చూసుకునే మనిషి కూడా ఆ సంసారానికి సంపాదిస్తున్నట్టే కాబట్టి, ఆ డబ్బు ఆయన దయతో ఇచ్చేది కాదు. మా తోటికోడలు వాళ్ళింట్లో ఈ సంగతి తేల్చుకోవడానికే చాలా గొడవైంది. ఆమెకి నెలకి మూడు వందలు విడిగా వేయడానికి మా మరిది ఒప్పుకున్నాక, అడక్కుండా తన డబ్బుతో ఆమె మొదట కొన్నది ఆయనకి చెప్పులు. ఆయన పాత జత అరిగి, వానలో జారుతున్నారని ఎవరికీ చెప్పలేదట, ఆమె గమనించింది.

వచ్చే పండగ సంక్రాంతి కావచ్చు, ఉగాది కావచ్చు, మీ ఇంట్లో క్రిస్మస్ కావచ్చు, రంజాన్ కావచ్చు. సేల్ మొదలుకాకముందే, పిల్లలు పడుకున్నాక ఒక పూట కూర్చుని అంకె తేల్చుకోండి. అప్పుడు ముందుగా మాట్లాడాల్సింది తక్కువ సంపాదించేవాళ్ళు, లేదా అసలు జీతం లేనివాళ్ళు.